ఆగిపోయిన కోత

పూతలపట్టు దాటి తిరుపతి వైపు కొంచెం వస్తే రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు కనబడుతుంది. మా ఆయన వడ్రంగి. పెళ్ళయిన కొత్తలో ఇంటి ముందు పందిరి కింద చేతిరంపంతో పని చేసేవాడు. తర్వాత ఆయనా, చిత్తూరు నుంచి వచ్చే ఒక ముస్లిం స్నేహితుడూ కలిసి ఆ షెడ్డు వేసుకున్నారు. కోత మిషను తెచ్చి దాని మధ్యలో నిలబెట్టారు. ఇనుప బల్ల, బల్ల మధ్యలో సన్నటి గాడి, ఆ గాడిలోంచి సగం పైకి లేచి తిరిగే గుండ్రటి రంపం, కింద మోటారు. ఎంత గట్టి పలకైనా దాని మీద పెట్టి ముందుకు తోస్తే రెండుగా చీలి అవతలికి పోయేది.

మా ఇల్లు షెడ్డుకు దగ్గరే. వంటింట్లో ఉన్నా మిషను శబ్దం వినబడేది. మామిడి చెక్క అయితే ఒక రకంగా, వేప అయితే ఇంకో రకంగా మోగేది. కొన్నాళ్ళకు నేను కూర తాలింపు పెడుతూనే ఆయన ఈ పూట ఏం కోస్తున్నాడో చెప్పగలిగేదాన్ని. శబ్దం సన్నగిల్లి, దిగి, ఆగిపోతే అన్నానికి వస్తున్నాడని అర్థం. కంచం కడిగి పెట్టేదాన్ని.

ఆ మిషను దగ్గరే ఆయన స్నేహితుడికి కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. ఎట్లా జరిగిందని అడిగితే మా ఆయన "చెయ్యి జారింది" అన్నాడు. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. ఆ అన్న మళ్ళీ పనిలోకి రాలేదు. చిత్తూరులో తలుపు బందులు, గడియలు, మేకులు అమ్మే చిన్న అంగడి పెట్టుకున్నాడు. స్నేహం పోలేదు, పండక్కి ఇంటికి వచ్చేవాడు, మేమూ రంజానుకు వెళ్ళేవాళ్ళం. కానీ షెడ్డులోకి మాత్రం అడుగు పెట్టేవాడు కాదు. రోడ్డు మీదనే నిలబడి మా ఆయన్ని బయటికి పిలిచేవాడు.

మా ఆయన పోయింది ఒక ఎండాకాలం. మధ్యాహ్నం కంటే ముందే ఇంటికి వచ్చాడు. గ్యాసు పట్టేసిందన్నాడు. మజ్జిగ ఇస్తే తాగాడు. చాప వేయించుకుని పడుకున్నాడు. చొక్కా నిండా రంపపు పొట్టు ఉంటే దులపబోయాను, వద్దులే అన్నాడు. పొద్దు వాలేసరికి మాట తడబడింది. ఆటోలో వేసుకుని చిత్తూరు ఆస్పత్రికి పోతుంటే, చిత్తూరు కనబడుతుండగానే నా ఒళ్ళో తల బరువెక్కింది. గుండెపోటు అన్నారు అక్కడ.

షెడ్డు పక్కనే టీ బంకు పెట్టుకున్న ఒక అక్క ఉంది. వయసులో నాకంటే బాగా పెద్దది. అంత్యక్రియలన్నీ అయ్యాక ఆవిడే షెడ్డు తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ రోజే తాళం వేశానని చెప్పింది. నేనేమీ అడగలేదు. అడగాలనే తోచలేదు. తాళం చెవిని దేవుడి పటాల వెనక వేలాడదీశాను.

ఏడాది దాటిపోయింది. మామిడి కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయేదాన్ని, మిగతా రోజుల్లో జాకెట్లు కుట్టేదాన్ని. ఫ్యాక్టరీ బస్సు షెడ్డు ముందు నుంచే పోయేది. అక్కడికి రాగానే మొహం అవతలికి తిప్పుకునేదాన్ని. అయినా ఆ శబ్దం నన్ను వదల్లేదు. మలుపు దగ్గర లారీ బ్రేకు వేస్తే, పక్కింట్లో మిక్సీ తిప్పితే, మిషను ఆడుతున్నట్టే ఉండేది. తాలింపు గరిటె చేతిలో పట్టుకుని, ఇది ఏ చెక్క అని ఆలోచిస్తూ నిలబడిపోయేదాన్ని. ఆ తర్వాత గుర్తొచ్చేది. ఒకసారి నిజంగానే ఇంకో కంచం కడిగి పెట్టాను. మా పాప తిరుపతిలో నర్సింగు చదువుతోంది. సెలవుకు వచ్చి ఆ కంచం చూసింది. దాన్ని తీసి లోపల పెట్టి, మిషను అమ్మేద్దాం అమ్మా అంది. సరే అన్నాను.

తిరుపతిలో మంచాలు, బీరువాలు చేసే ఒకాయన వచ్చి చూస్తానన్నాడు. ఆయన వచ్చే రోజు పొద్దున్నే చీపురు, చాట తీసుకుని షెడ్డు తెరిచాను. లోపల చీకటిగా ఉంది. వానల నీళ్ళు రేకుల సందుల్లోంచి కారి గోడల మీద చారలు కట్టాయి. ఆయన చెప్పులు గోడ వారగా విడిచినట్టే ఉన్నాయి. ఆ చివరి రోజు ఇంటికి ఉత్త కాళ్ళతో వచ్చాడని నాకు అప్పుడు తెలిసింది. మండుటెండలో, తారు రోడ్డు మీద.

మిషను మీద గోనెపట్ట కప్పి ఉంది. తీశాను. కింద ఒక మామిడి పలక, సగం దాకా కోసినది, రంపం దాంట్లో ఇరుక్కునే ఉంది. రెండు వానాకాలాల చెమ్మకు పలక వంకర తిరిగి, కోసిన చీలిక మూసుకుపోయి, బ్లేడును గట్టిగా పట్టేసుకుంది. బల్ల తుడవాలని దాన్ని రెండు చేతులతో పట్టి లాగాను. రాలేదు. మిషను ముందు నిలబడి, నడుము ఆన్చి, మళ్ళీ లాగాను. కదలలేదు. కొనడానికి వచ్చే ఆయనే తీసుకుంటాడులే అని వదిలేశాను. నేల ఊడ్చాను. మూలల్లో ఏమీ కనబడటం లేదు. బల్బు వేద్దామని స్విచ్చి నొక్కితే వెలగలేదు. అప్పుడు గోడ మీది మెయిను స్విచ్చి దించి ఉందని చూశాను. గోడ దగ్గరికి పోయి మెయిను పైకి ఎత్తాను.

వెనక మిషను గుర్రుమంది. గొంతు పట్టేసిన మనిషి మాట్లాడబోయినట్టు మొదట ఒక మూలుగు. నేను తిరిగి చూసేలోపల మూలుగు కేకయింది. పలక బల్ల మీద నుంచి లేచి, నేను కొద్దిసేపటి ముందు నిలబడి లాగిన చోటు మీదుగా దూసుకుపోయి ఎదుటి రేకుకు తగిలింది. రేకు బయటికి సొట్టపడింది. రంపం తిరుగుతూనే ఉంది. చుట్టూ పొట్టు లేచింది. వెలుతురులో ఆ దుమ్ము మధ్య ఎవరో నిలబడినట్టే ఉంది.

బయటికి పరిగెత్తాను. టీ బంకు అక్క గ్లాసులు వదిలేసి వచ్చింది. నన్ను చూసి, లోపలికి చూసి, దండం పెట్టుకుంది. తర్వాత ఆవిడే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వెంబడే పోయి మెయిను దించింది. శబ్దం మెల్లగా సన్నగిల్లింది, దిగింది, ఆగింది. నాకు అలవాటైన పద్ధతిలోనే ఆగింది.

ఆ మాట మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. తిరుపతి నుంచి వచ్చినాయన టీ తాగుతూ నలుగురూ చెప్పుకునేది విన్నాడు. షెడ్డు గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, మనిషి పోయిన మిషను మాకొద్దమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. పాపతో ఫోనులో చెబితే ఏదో కరెంటు లోపం అయ్యుంటుంది, లోపలికి పోవద్దు అంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మాత్రం, అమ్ముతున్నావని ఆయనకు కోపం వచ్చింది అన్నారు. శాంతి చేయించమన్నారు. వాళ్ళను నేను కాదనలేకపోయాను. ఆ శబ్దాన్ని ఇన్నేళ్ళు విన్నదాన్ని. అది ఆయన చేతి కింద ఆడే శబ్దమే. పలక విసిరిన తీరు మాత్రం ఆయనది కాదు. ఆయన ఏ వస్తువునూ విసిరే మనిషి కాదు. ఆ రెంటి మధ్యా నాకు కొన్నాళ్ళు నిద్ర పట్టలేదు.

చివరికి బస్సెక్కి చిత్తూరు పోయాను. ఆయన స్నేహితుడు అంగట్లో ఎవరికో తలుపు బందులు చూపిస్తున్నాడు. నన్ను చూడగానే స్టూలు వేసి కూర్చోబెట్టాడు. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన వింటున్నంతసేపూ ఎడమచేత్తో కుడిచేతి మొండి వేళ్ళు రుద్దుకుంటూనే ఉన్నాడు. దయ్యమా అని అడగలేదు, కోపమా అని అడగలేదు.

"వదినా, మిషను స్విచ్చి ఎట్ల ఉండె?" అన్నాడు.

నేను చూడలేదన్నాను. మిషను కాలి పక్కన ఒక స్విచ్చి ఉంటుందని తెలుసు, అంతే.

ఆయన షట్టరు దించేశాడు. ఇద్దరం బస్సులో వచ్చాం.  షెడ్డు ముందు దిగాక రోడ్డు మీద కాసేపు నిలబడ్డాడు. వేళ్ళు పోయినప్పటి నుంచి ఆ గుమ్మం దాటలేదాయన. టీ బంకు అక్క పలకరించినా వినిపించుకోలేదు. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ముందు మెయిను దించి ఉందో లేదో చూశాడు. ఫీజులు కూడా పీకి జేబులో వేసుకున్నాడు. అప్పుడు వంగి మిషను కాలి పక్కన చూశాడు.

"ఆన్‌లోనే ఉండాది," అన్నాడు.

అర్థం కాలేదు నాకు. ఆయన అక్కడే పలకల దొంతి మీద కూర్చున్నాడు. మా ఆయన నాకు ఎప్పుడూ చెప్పనిది అప్పుడు చెప్పాడు. వేళ్ళు పోయిన రోజు ఇద్దరూ కోస్తుండగా కరెంటు పోయిందట. రంపం ఆగిపోయింది. టీకి బయటికి వెళ్ళారు. ఈయన ముందు తిరిగి వచ్చి, గాడిలో ఇరుక్కున్న చెక్కముక్కను వేళ్ళతో తీస్తున్నాడు. కరెంటు వచ్చేసింది.

"నేను ఆపినానని ఆయన అనుకున్నాడు. ఆయన ఆపినాడని నేను అనుకుంటి. ఎవరమూ ఆపలా," అన్నాడు. "పాత స్విచ్చి వదినా ఇది. ఇంట్లో ఫ్యానుకు ఉండే మాదిరిది. కరెంటు పోయినా అది ఆన్‌లోనే ఉంటాది. వస్తానే మిషను లేస్తాది. మనిసి ఉన్నాడా, చెయ్యి ఉందా, దానికేం తెలుసు?"

ఆ తర్వాత మా ఆయన మారిపోయాడట. కరెంటు పోతే చాలు, మొదట స్విచ్చి ఆపేవాడు. ఆపి బయటికి వచ్చి, మళ్ళీ అనుమానం వచ్చి లోపలికి పోయి చూసుకునేవాడు. రోడ్డు మీద ఈయనతో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో పోయి చూసి వచ్చేవాడట. నాకు అవన్నీ తెలియవు. ఇంట్లో కూడా కరెంటు పోతే ఆయన లేచి ఫ్యాను స్విచ్చి, లైటు స్విచ్చి అన్నీ ఆపుతూ తిరిగేవాడు. పొదుపు కోసమేమో అనుకునేదాన్ని.

"అట్లాంటి మనిసి ఆన్‌లో వదిలి పోయినాడంటే..." అని ఆ అన్న ఆగిపోయాడు.

గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది అక్క. మా మాటలన్నీ విన్నట్టుంది. గ్లాసులు కింద పెట్టింది. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"ఆ పొద్దు కరెంటు పాయ మే," అంది నాతో. "నీ మొగుడు గోడ పట్టుకోని బయటికి వచ్చినాడు. నా బెంచీ మీద కూలబడినాడు. ఒళ్ళంతా చెమట. ఏమప్పా అంటే గ్యాసు అన్నాడు. ఎంతసేపు కూసున్నాడో. లేస్తాడు, మిషను కల్లా సూస్తాడు, లేవలేక మళ్ళీ కూసుంటాడు. కడాకు నన్ను పిలిచి, అక్కా, లోపల స్విచ్చి ఆపలేదు, నేను పోలేను, నువ్వు మెయిను దించి తాళమెయ్యి అన్నాడు. నేను పోయి దించి, గోనెపట్ట కప్పి, తాళమేసి వచ్చినా. ఇంట్లో సెప్పద్దక్కా, బయపడతాది అన్నాడు. రేపు పొద్దున సెప్తాంలే అనుకుంటి. పొద్దున ఏముండాది సెప్పేదానికి? మొన్న మిషను లేసినప్పుడు గూడా ఆ మాట నాకు తట్టలా."

 బెంచీ నుంచి మిషను దాకా ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరం నడవలేని మనిషి, ఎండలో ఉత్త కాళ్ళతో ఇంటిదాకా వచ్చి, నా చేతి మజ్జిగ తాగి, గ్యాసు అన్నాడు. నేను చొక్కా దులపబోతే వద్దన్నాడు. ఇన్నాళ్ళూ ఆయన పెద్దగా బాధ పడకుండానే పోయాడని అనుకున్నాను. అందరితోనూ అట్లానే చెప్పాను.

ఆ తర్వాత మిషనును అమ్మాలనిపించలేదు.  అది ఆ సగం కోతతో, ఆన్‌లో ఉన్న స్విచ్చితో ఇంకెవరి ఇంటికో పోవడం నాకు నచ్చలేదు. నేర్పించన్నా అని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పది రోజులు పోనీ అన్నాడు. వారం తిరక్కముందే బోరు మోటార్లు బిగించే కరెంటు మిస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు.

పాత స్విచ్చి పీకేశారు. దాని బదులు పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉండే స్టార్టరు పెట్టారు. కరెంటు పోతే అది తనంతట తాను పడిపోతుంది. మళ్ళీ వచ్చినా, మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు లేవదు. ఆ మిస్త్రీ అలవాటు కొద్దీ, ఆటో కూడా కలిపేయమంటారా అన్నాడు. పొలాల్లో కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియక రైతులు బోరు తనంతట అదే లేచేలా పెట్టుకుంటారు గదా, అది. ఆ అన్న గొంతు గట్టిగా లేవడం నేను విన్నది అప్పుడొక్కసారే. దీనికి ఎప్పటికీ పెట్టద్దు అన్నాడు. ఎర్ర బటన్ మాత్రం, చేతులు బల్ల మీద ఉన్నా తొడతో నొక్కేలా కిందికి బిగించమన్నాడు.

అంతా అయ్యాక పరీక్ష చేశారు. పచ్చ బటన్ నొక్కితే రంపం లేచింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. మిస్త్రీ మెయిను దించాడు. రంపం మెల్లగా ఆగింది.  అప్పుడు మెయిను ఎత్తాడు. బల్బు వెలిగింది. మిషను లేవలేదు. మళ్ళీ దించి, మళ్ళీ ఎత్తాడు. లేవలేదు. మిస్త్రీ, అన్న ఒకరి మొహం ఒకరు చూసుకుని తల ఊపుకున్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. వాళ్ళు భయం తీరి ఏడుస్తున్నానని అనుకున్నారు. ఆ మెయిను ఎత్తుతున్నప్పుడు లోపల ఎక్కడో ఆ శబ్దం కోసం నేను ఎదురు చూశాను. మళ్ళీ దానంతట అది లేస్తే, ఎవరేమన్నా సరే, ఆయన ఇంకా ఇక్కడ ఉన్నట్టే. లేవలేదు. బల్బు ఒక్కటే వెలుగుతూ ఉంది. ఆయన పోయాడని నేను నమ్మింది ఆ రోజు.

నేర్చుకోవడం చాలా రోజులు పట్టింది. చాలాకాలం రంపం తిప్పనేలేదు. ఫీజులు పీకి, ఊరికే నిలబడి, తోయడం నేర్పించాడు. బ్లేడు మార్చాం. కొత్త దాని వెనక ఒక దళసరి రేకు నిలబెట్టాడు. కోసిన చీలిక మూసుకుని బ్లేడును పట్టకుండా అది అడ్డం ఉంటుంది. ఆ రోజు పలక ఎగిరింది అందుకే అని చూపించాడు. మూసుకున్న చెక్కను బ్లేడు వెనక పళ్ళు పట్టి ఎత్తి, తోసేవాళ్ళ మీదికే విసిరేస్తాయి. అందుకే బ్లేడుకు నేరుగా నిలబడద్దు, పక్కకు జరిగి నిలబడాల. పలకను ఆనించి తోసే గైడు బ్లేడుకు సమానంగా ఉందో లేదో, బ్లేడు ముందు పన్ను దగ్గర ఒకసారి, అదే పన్నును చేత్తో వెనక్కి తిప్పి అక్కడ ఒకసారి కొలిపించాడు. వెనక వైపు ఇరుకైతే చెక్క నలిగి వెనక్కి తంతుంది. రంపం పళ్ళు చెక్క పైకి కొంచెమే కనబడేంత ఎత్తులో పెట్టించాడు. బ్లేడు మీద మూత లేకుండా ఒక్క కోత కూడా వద్దన్నాడు. చివర్లో చేతితో తోయకుండా, వేప చెక్కతో ఒక తోపుడు కర్ర చేసి ఇచ్చాడు. దానికి గాడి పెట్టి, నా చేతి పట్టుకు సరిపోయేలా నునుపు చేశాడు. మొండి వేళ్ళున్న చేత్తో ఉలి పట్టడం నేను పక్కనే చూస్తూ కూర్చున్నాను.

చీర కొంగు దోపుకుంటే సరిపోదన్నాడు. తిరిగే దానికి ఒక పోగు దొరికితే మనిషినే లాగుతుంది. పొలం పనికి పోయే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్నట్టే తొడుక్కోమన్నాడు, పొట్టి చేతులది. చేతికి గుడ్డ తొడుగులు కూడా వద్దన్నాడు. "గాజులు..." అని నా చేతుల వైపు చూసి ఆగిపోయాడు. తల తిప్పుకుని గైడు బిగించడం మొదలుపెట్టాడు.

చొక్కా కోసం ఇంట్లో పెట్టె తెరిచాను. ఆయనవి పొట్టి చేతులవి కొన్ని ఉన్నాయి. ఉతికి మడతపెట్టినవే అయినా దులిపితే కుట్టుల్లోంచి సన్నటి పొట్టు రాలింది. వాసన చూస్తే మామిడి. దాన్ని తొడుక్కుని వచ్చినప్పుడు టీ బంకు అక్క దూరం నుంచి చూసి ఉలిక్కిపడి లేచి నిలబడింది. తర్వాత నవ్వింది.

మొదటి కోత రోజు గైడు, మూత రెండుసార్లు చూసుకున్నాను. పచ్చ బటన్ నొక్కాను. రంపం పూర్తిగా వేగం అందుకునే దాకా ఆగాను. చిన్న మామిడి పలక. పక్కకు జరిగి నిలబడి, గైడుకు ఆనించి, తోశాను. పళ్ళు చెక్కను తాకగానే ఆ శబ్దం వచ్చింది. ఇన్నేళ్ళూ గోడకు అవతల నుంచి విన్నది. ఇప్పుడు అది నా చేతుల్లోంచి మోచేతులదాకా పాకింది. ఎవరో నా వెనక నుంచి చేతులు చాచి నాతో కలిసి తోస్తున్నట్టుంది. తిరిగి చూడద్దని ఆ అన్న ముందే చెప్పాడు, కోత సగంలో ఎవరు పిలిచినా చూపు తిప్పద్దని. నేను తిప్పలేదు. తోపుడు కర్రతో చివరిదాకా తోశాను. రెండు ముక్కలూ అవతలికి జారాయి. తొడతో ఎర్ర బటన్ నొక్కాను. ముక్క తీసుకుందామని చెయ్యి చాచబోతే గుమ్మం దగ్గర నుంచి ఆ అన్న "ఆగనీ" అన్నాడు.

"ఆపినాక తిరిగే రంపమే మోసం చేస్తాది వదినా. కనబడదు, వినబడదు. పళ్ళు లెక్కబెట్టేదానికి వచ్చినాకనే చెయ్యి పెట్టు."

ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. రంపం తిరిగేటప్పుడు ఎప్పుడూ అంతకంటే లోపలికి వచ్చేవాడు కాదు. ఒకరోజు అడిగాను, లేని వేళ్ళు ఎందుకు రుద్దుకుంటావన్నా అని. దురద పెడతాయన్నాడు. నిద్రలో పిడికిలి బిగిస్తే ఆ రెండు వేళ్ళూ కూడా ముడుచుకుంటాయట. లేచి చూసుకుంటే ఉండవు. మొదట్లో పిచ్చి పట్టిందేమో అనుకున్నాడట. డాక్టరును అడిగితే చాలామందికి అట్లానే ఉంటుందని చెప్పాడట. మా ఇంట్లో ఇంకో కంచం సంగతి నేను అప్పుడు ఆయనకు చెప్పాను. ఆయన విని, అంతే వదినా అన్నాడు.

ఇప్పుడు నేను ఫ్యాక్టరీకి పోవడం లేదు. మామిడి తోటల వాళ్ళు పూత కాలంలో తేనెటీగల పెట్టెలు పెట్టుకుంటున్నారు. వాటికి పెట్టెలు, లోపలి చట్రాలు కోసి ఇస్తాను. పీటలు, బల్లలు కూడా అడుగుతారు. పాప మొదట చాలా గొడవ చేసింది. ఒక సెలవులో వచ్చి గుమ్మంలో కూర్చుని రోజంతా నేను పని చేయడం చూసింది. పోయేటప్పుడు దుమ్ముకు ముక్కుకు కట్టుకునే మాస్కులు, కళ్ళద్దాలు తెచ్చిస్తానంది. తెచ్చింది.

భయం పోలేదు. కొన్ని రోజులు షెడ్డు తెరవగానే లోపల ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంటుంది. రంపం ఆగేటప్పుడు శబ్దం సన్నగిల్లి దిగే ఆ కొద్దిసేపట్లో, మా ఆయన గొంతు సవరించుకునేవాడు చూడండి అన్నానికి కూర్చునే ముందు, అట్లా వినబడుతుంది. నేను అది పూర్తిగా ఆగేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాను. ఆ అన్న చెప్పింది అందుకు కాదని తెలుసు.

మొన్న ఒక శుక్రవారం నమాజు అయ్యాక ఆయన వచ్చాడు. బందులు ఇచ్చి పోదామని వచ్చినవాడు గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. తర్వాత, నేనొకటి కోస్తా అన్నాడు. నేను పక్కకు జరిగాను. ఆయన గైడు చూసుకున్నాడు, వెనక రేకు చూసుకున్నాడు, మూత చూసుకున్నాడు, తోపుడు కర్ర ఎడమచేత్తో తీసుకున్నాడు. పచ్చ బటన్ నొక్కాడు. పలకను సగం దాకా తోశాడు. మొహం నిండా చెమట పట్టింది. తొడతో ఎర్ర బటన్ నొక్కి, పలకను అట్లానే పట్టుకుని, రంపం పూర్తిగా ఆగేదాకా నిలబడ్డాడు. అప్పుడు చేతులు తీశాడు.

"చాలు వదినా ఈ పొద్దుకు," అన్నాడు.

పలకను సగం కోతతో బల్ల మీద వదిలేయడానికి నేను ఒప్పుకోలేదు. ఆయనా ఒప్పుకోలేదు. మెయిను దించి, బ్లేడును కిందికి దించుకుని, ఇద్దరం కలిసి పలకను మెల్లగా పైకి లేపి తీసేశాం. గోడకు ఆనించాం. ఆయన చేతులు కడుక్కుని బస్సుకు పోయాడు. బయట మబ్బు పట్టి ఉంది. తోట వాళ్ళు తీసుకుపోవాల్సిన పెట్టెలు తడవకుండా ఒక్కొక్కటే లోపలికి మోసుకొచ్చి పేర్చుకున్నాను.